చెయ్యి చూసి సాన పట్టిన సుందరరావు

సుందరరావు సాన పట్టిన కత్తిని గోడకి తగిలిస్తే ఆ గోడ మీదికి బల్లి ఎక్కేది కాదు. ఒకసారి మా వంటింట్లో అతను పదును పెట్టిన చాకు నీడ పడి దోసకాయ రెండు చెక్కలైంది. ఈ రెండూ కళ్లారా చూశానని తిరువూరులో చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లు తక్కువ. అయినా కత్తులు మాత్రం అతని దగ్గరికే పంపేవాళ్లు. ఇప్పుడు చెప్పేది అలాంటి కథ కాదు. ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్కే ఉంది. అది వచ్చినప్పుడు ఇదేనని చెబుతాను. జరిగినదాంట్లో దానికీ పాలుంది.

అతనిది పాత సైకిలు. వెనక చక్రాన్ని స్టాండు మీద లేపి తొక్కితే ముందున్న సానరాయి తిరిగేది. సోమవారం విస్సన్నపేట, బుధవారం వినగడప, తిరునాళ్లప్పుడు నెమలి ఊరు, మిగిలిన రోజులు మా బస్టాండు వెనక వీధి. ముప్పై రెండేళ్లు ఇదే తిరుగుడు.

అతనికో పద్ధతి ఉండేది. ఎవరైనా కత్తి అందిస్తే తీసుకునేవాడు కాదు.

"కత్తి తర్వాత. ముందు చేతులు చూపించమ్మా" అనేవాడు.

వాళ్ల చేతిని తన అరచేతిలో పెట్టుకుని, వేళ్ల కొసలు ఒక్కొక్కటీ నొక్కి, మణికట్టు అటూ ఇటూ తిప్పి వదిలేసేవాడు. రెండో చెయ్యీ అంతే. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు జాతకం చెబుతాడేమోనని ఎదురుచూసేవాళ్లు. నిజానికి అతను చూసేది ఆ చెయ్యి ఎంత బలంగా నొక్కుతుందో, వేళ్లలో ఎంత స్పర్శ ఉందో. ఏళ్ల తరబడి మొద్దు కత్తితో కోసిన చెయ్యి నొక్కడానికి అలవాటు పడిపోతుంది. దానికి ఒక్కసారిగా మంచి వాడి అందిస్తే ఆ బలమంతా వేలి మీదకి దిగుతుంది. అలాంటివాళ్ల కత్తికి పదును పెట్టాక, చివర్లో అంచుని రాయి మీద ఒక్కసారి అడ్డంగా లాగి వాడి కొంత చంపేవాడు. హోటలు వంటమాస్టరుకి ఒక వాడి, కొత్త కోడలికి ఒక వాడి, ముసలమ్మకి ఇంకో వాడి.

మాంసం కొట్టు యేసురాజుకి మాత్రం ఈ తతంగం చికాకు. "ముప్పై ఏళ్లనించి చూస్తున్నావు, ఇంకా ఏముందిరా ఈ చేతిలో?" అనేవాడు.

"రాత్రి తాగావో లేదో ఉంటుందిగా" అనేవాడు సుందరరావు.

పోయినేడు దీపావళి వెళ్లాక సుందరరావు కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు బొటనవేలు, తర్వాత చెయ్యంతా. విజయవాడ డాక్టరు మందులు రాసి, ఇది తగ్గేది కాదు, పెరక్కుండా చూసుకోవాలి అన్నాడు. సుందరరావుకి వేరే పని రాదు. వణికే చేతికి కత్తి ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకని ఊరికి తెలియనివ్వకూడదనుకున్నాడు. భార్య సామ్రాజ్యానికి, నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. పదును పెట్టిన అంచు పాము పాకినట్టు వంకర్లు పోయేది. ఫిబ్రవరిలో యేసురాజు తన కత్తి వెనక్కి తెచ్చి, "నేనిచ్చింది కత్తి. నువ్విచ్చింది రంపం" అని అతని ముందు పడేశాడు.

అప్పుడే సుందరరావు జనం చేతులు చూడటం మానేశాడు. వాళ్ల చెయ్యి పట్టుకోవాలంటే తన చెయ్యి బయటికి తియ్యాలి కదా.

మా కోడలు శ్రీలలిత ఆన్‌లైన్లో తెప్పించిన పదును పెట్టే పెట్టె ఒకటి మా ఫ్రిజ్ మీద దుమ్ము పట్టి ఉంది. ఒక్కసారి వాడి విసుగొచ్చి పక్కన పడేసింది. అందులో కత్తిని బిగించే పట్టు ఒకటి, దానికి ఎదురుగా ఒక సన్నటి ఊచ, ఆ ఊచకి తగిలించుకునే నాలుగు రేకులు ఉంటాయి. రేకుల మీద వజ్రపు పొడి. గరుకుది ముందు, నున్నటిది చివర. ఊచ పక్కన కోణాల అంకెలుంటాయి, దాన్ని ఏ అంకె దగ్గర నిలబెడితే ఆ కోణం దాటి రేకు కదలదు. సుందరరావుని పిలిచి చూపించాను.

మా ఇంటి చాకు బిగించి పదిసార్లు అటూ ఇటూ తోశాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. ఆగి, ఊచ వైపు చూశాడు.

"ఊచ వణకడం లేదు సార్" అన్నాడు.

కళ్లు తుడుచుకోవడానికి కూడా అతని కుడిచెయ్యి సరిగా లేవలేదు. ఎడంచేత్తో తుడుచుకున్నాడు.

"ఇందులో కాగితమేదో ఉంది, చదవండి సార్. అంకెలేంటో చెప్పండి."

ఇంగ్లీషు కాగితం. కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు దానికి సరిపోయింది. సన్నటి పనికి పదిహేను, ఇంటి వాడకానికి ఇరవై, మొరటు పనికి ఇరవై అయిదు, అంకె తగ్గేకొద్దీ వాడి పెరుగుతుంది. కాగితంలో ఉన్నది అంతే. నేను అక్కడితో ఆగాల్సింది. తల ఎత్తకుండా, ఇంకా చదువుతున్నట్టే గొంతు పెట్టి, "అసలైన పనివాడు అన్నిటికీ పదిహేనే పెడతాడు. జపాన్లో ఇరవై పెట్టినవాడికి పిల్లనివ్వరు" అన్నాను.

నేను కల్పించింది ఈ ముక్కే.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పదిహేను అంకె మీద వేలితో రెండుసార్లు తట్టి, పెట్టె చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. పోనీ గుమ్మం దగ్గర పిలిచి ఉత్తదే అని చెప్పి ఉండొచ్చు. సరదాగా ఉంది కదా, నాలుగు రోజులయ్యాక చెబుదామనుకున్నాను.

ఆవకాయల రోజులు వచ్చాయి. మా వైపు ఏడాదిలో కత్తికి ఎక్కువ పనిపడేది అప్పుడే. సుందరరావు సైకిలు బయటికి తియ్యలేదు. కత్తులు ఇంటికి తెచ్చి ఇవ్వమనేవాడు, మర్నాడు వచ్చి తీసుకెళ్లమనేవాడు. తలుపు వేసుకుని పెట్టె ముందు కూర్చునేవాడు. పదిహేను రోజుల్లో నలభై మూడు కత్తులు. అన్నీ పదిహేనే. ఊరంతా మెచ్చుకుంది. యేసురాజు స్వయంగా వచ్చి, "ఏం చేశావురా? మాంసానికి తెలియకుండానే తెగుతోంది!" అని భుజం తట్టాడు. సామ్రాజ్యం ఆ సాయంత్రం మా ఇంటికి కొత్తావకాయ తెచ్చింది. ఆయన మళ్లీ పడుకుని నిద్రపోతున్నాడండీ అని చెప్పింది.

విస్సన్నపేట రోడ్డులో రావమ్మ కర్రీ పాయింటు ఉంది. భర్త పోయాక ఇరవై ఏళ్లుగా ఆమె కూరల మీదే బతుకుతోంది. మోకాళ్లు వంగక కత్తిపీట మానేసి, నిలబడి చెక్క మీద పెద్ద కత్తితో తరుగుతుంది. బలమంతా వేసి తరగడం ఆమె అలవాటు. సుందరరావుని తమ్ముడూ అంటుంది, అతని దగ్గర కూరకి డబ్బు తీసుకోదు. ఆమె కత్తి తెచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను.

"ఏం తమ్ముడూ, ఈసారి నా చేతులు చూడవా? ముసలిదాన్నయ్యానని అలుసా?" అని రెండు చేతులూ చాపింది.

సుందరరావు జేబులోంచి చెయ్యి తియ్యలేదు. "నీ చెయ్యి నాకు తెలీదా అక్కా. అక్కడ పెట్టి వెళ్లు" అన్నాడు.

అతనికి తెలిసింది అంతకు ముందేడు చెయ్యి. ఈ ఏడాదిలో ఆమెకి షుగరు పెరిగి, వేళ్ల కొసల్లో స్పర్శ పోయింది. వేడి గిన్నెలు గుడ్డ లేకుండా దించగలుగుతున్నానని ఆమె గొప్పగా చెప్పుకునేది. సుందరరావు ఒక్క వేలు నొక్కి చూసినా తెలిసేది.

కత్తి తీసుకెళ్లిన రెండో రోజు పదకొండు గంటలకి, పార్సిలు కోసం వచ్చిన కండక్టరు వంశీకృష్ణ చెక్క వైపు చూసి, "ఏంటండీ రావమ్మగారూ, ఇవాళ బీట్‌రూటా?" అన్నాడు.

"కాదు బాబూ, దొండకాయ" అంది రావమ్మ. అంటూనే ఇంకో రెండు దెబ్బలు తరిగింది.

ఎడంచేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు దొండకాయ ముక్కల్లో కలిసిపోయాయి. ఆమెకి నొప్పి తెలియలేదు. వంశీకృష్ణ కేక పెట్టాకే కిందికి చూసుకుంది. షుగరుకి పుండు మానలేదు. నెల తిరక్కుండా విజయవాడలో ఆ రెండు వేళ్లూ మొదలంటా తీసేశారు.

ఆపరేషనైన మర్నాడు పొద్దున్నే సుందరరావు మా గుమ్మంలో ఉన్నాడు. కాగితం నా ముందు పెట్టాడు.

"ఉన్నది ఉన్నట్టు చదవండి సార్."

చదివాను. పదిహేను, ఇరవై, ఇరవై అయిదు. అయిపోయింది.

"జపాను?"

"లేదు సుందరరావూ."

"పిల్లనివ్వరన్నది?"

"అదీ లేదు. నేనే అన్నాను."

తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది. కాగితం నాలుగు మడతలు పెట్టడానికి చాలాసేపు పట్టింది అతనికి.

"నేను చేతులు చూడలేదు సార్. చూసుంటే ఈ కాగితంతో పనేంటి?" అన్నాడు.

ఆ రోజు నుంచి అతను నలభై మూడు కత్తుల వెంట తిరిగాడు. గుమ్మం ముందు నిలబడి, కత్తి ఒకసారి ఇవ్వండి, వాడి తగ్గించి ఇస్తాను అనేవాడు. ఇన్నాళ్లకి మంచి వాడి దొరికితే తగ్గించడమేంటని జనం నవ్వేవాళ్లు. అప్పుడు కుడిచెయ్యి జేబులోంచి తీసి చాపేవాడు.

"నా చెయ్యి ఇదమ్మా. ఆ పదును మిషనుది. మీ చేతులు చూడకుండా పెట్టాను. ఇప్పుడు చూపించండి."

కొందరు చూపించారు. కొందరు కత్తి ఇచ్చి, చెయ్యి మాత్రం వెనక్కి లాక్కున్నారు. యేసురాజు నవ్వబోయి, ఆ చెయ్యి చూసి ఆగిపోయి, లోపలికెళ్లి కత్తి తెచ్చి ఇచ్చాడు. మా ఇంట్లో శ్రీలలిత వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూసి, "నీకు ఇరవై చాలమ్మా" అన్నాడు. వీధి అరుగు మీద పెట్టె పరుచుకుని, అందరూ చూస్తుండగానే చేసి ఇచ్చాడు.

"ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంటివి. ఇంక మనకెవరిస్తారయ్యా కత్తి?" అని సామ్రాజ్యం ఏడ్చింది.

"ఇవ్వరు" అన్నాడు. మర్నాడు మళ్లీ బయల్దేరాడు.

చివరికి రావమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. అతను చెయ్యి చూపించమని అడగలేదు. ఆమే కట్టు కట్టిన చెయ్యి చాపింది. అతను రెండు చేతులతో పట్టుకున్నాడు. అతని వణుకుకి ఆమె మోచెయ్యి దాకా ఊగింది.

"ఎప్పట్నించిరా ఇది?"

"దీపావళి నించి అక్కా."

"చెబితే ఏం పోయేది?"

"పని పోయేది."

"ఇప్పుడు?"



ఆ తర్వాత ఎవరూ అతనికి కత్తి ఇవ్వలేదు. వానలకి సానరాయి ఇరుసు తుప్పు పట్టింది. సైకిలు పాత ఇనుము బండివాడు తీసుకెళ్లాడు. రావమ్మ కొట్టు మళ్లీ తెరిచింది. తరగడానికి ఒక మనిషిని పెట్టుకుంది. సుందరరావు అక్కడే వెనక నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని కూరగాయలు కడుగుతాడు. కుడిచెయ్యి నీళ్లలో ఉన్నంతసేపు వణుకుతున్నట్టు ఎవరికీ కనిపించదు.

పెట్టె మళ్లీ మా ఫ్రిజ్ మీదికి వచ్చింది. కాగితం అందులోనే ఉంది, నాలుగు మడతలతో.