ఎర్తు గుంతకు నీళ్లు

1957 మే నెల, ఆదివారం, కర్నూలు. హాజరు: ఉస్తాద్ (రేడియో దుకాణం యజమాని), బెంగుళూరప్ప, ఇల్లుగల అవ్వ, నేను.

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలో ఒక్క మనిషి మీదే అసూయ. దుకాణంలో నాతోపాటు పనిచేసే అతన్ని మేమంతా బెంగుళూరప్ప అనేవాళ్లం. బెంగుళూరులో పని నేర్చుకొని, వస్తూ వస్తూ పాత ఆసిలోస్కోపు ఒకటి (వోల్టేజిని చిన్న తెరమీద గీతగా చూపే యంత్రం) కొనుక్కొచ్చాడు. ఉస్తాద్ అతన్ని 'బేటా' అనేవాడు, నన్ను 'ఏమప్పా' అనేవాడు. అతని క్రాపు కూడా చెమటకు చెదిరేది కాదు (నాది పొద్దున్నే చెదిరిపోయేది).

కడపలో కొత్త సినిమా హాలుకు మెకానిక్ కావాలన్నారు. ఇద్దరం సినిమా యాంప్లిఫయరుకు చెరొక హై వోల్టేజి పవర్ సప్లై కట్టాలి, ఎవరిదాంట్లో రిపుల్ తక్కువుంటే వాళ్లే కడపకు పోవాలి అన్నాడు ఉస్తాద్. రిపుల్ అంటే, నిలకడగా ఉండవలసిన వోల్టేజి మీద మిగిలిపోయే చిన్న అల. అది ఎక్కువైతే తెరమీద హీరోయిన్ ఏడుస్తుంటే స్పీకర్లో తుమ్మెద తిరిగినట్టుంటుంది. ఆ ఉద్యోగం నాకు కావాలి. అంతకంటే ఎక్కువగా, అతనికి రాకూడదు.

ముందు అతని సప్లై. ఒక చేయి వీపు వెనక పెట్టుకొని (రెండు చేతులూ పెడితే ప్రాణానికే ముప్పు), అల మాత్రమే దాటి వచ్చేట్టు మధ్యలో కండెన్సర్ తగిలించి, ఆసిలోస్కోపు తీగ కొసను సప్లైకి ఆనించాడు. ఆసిలోస్కోపు తెరమీద పచ్చగీత పెద్ద అలయి లేచింది. నా మనసు చల్లబడింది.

"శానా ఉండాదే!" అన్నాను, జాలిపడుతున్నట్టు.

తర్వాత నాది పెట్టారు. అల ఇంకా ఎత్తుగా లేచింది.

"నీదాంట్లో తుంగభద్రే పారుతాండాదప్పా!" అన్నాడు ఉస్తాద్.

బెంగుళూరప్ప నవ్వలేదు. అదే నన్ను మరింత మండించింది. తెర దగ్గరికి వంగి, "ఇది మన రిపుల్ కాదు. కరెంటు అల ఒకటొచ్చే దూరంలో మన సప్లైది రెండు రావాల, ఈడ ఒకటే వస్తాండాది" అంటూ నా సప్లై స్విచ్ ఆపేశాడు. అయినా అల తగ్గలేదు! కరెంటు లైన్ల గుయ్ అంతా మా తీగల్లోకి వస్తోందన్న మాట. ఆ మాట నా నోట ఎందుకు రాలేదా అని కుమిలిపోయాను.

ఉస్తాద్ పెరట్లోకి పోయి చూశాడు. అట్లాంటి గుయ్‌ను భూమిలోకి దింపడానికి బొగ్గు, ఉప్పు వేసి ఇనుప కడ్డీ పాతిన ఎర్తు గుంత ఎండి నెర్రెలిచ్చింది. రోజూ దానికి బిందెడు నీళ్లు పోయడం మా పద్ధతి. బావి అడుగంటాక అవ్వ వద్దనింది.

"రోంత నీళ్లియ్యవ్వా" అన్నాడు ఉస్తాద్.

"మనుసులకే తాగను లేకుంటే మన్నుకు పోస్తారా? అది యామన్నా చెట్టా, కాయలు కాచ్చాదా?"

"ఇది తడిస్తేనే మా అలలు ఆగుతాయవ్వా."

"మీకు ఎండదెబ్బ తగిలిండాది" అని గొణుగుతూనే బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి పోసింది. కాసేపటికి మళ్లీ కొలిచాం. పచ్చగీత ముడుచుకుపోయింది. ఇద్దరివీ పక్కపక్కన చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

ఉస్తాద్ గడ్డం గోక్కున్నాడు. "రెండూ ఒకటే. బేటా, నీ యంత్రం ఈడ లేకుంటే నా దుకాణం నడవదు. ఏమప్పా, కడపకు నువ్వు పో."

ఉద్యోగం నాదే అయింది. ఆ సంతోషం భోజనం దాకా కూడా నిలవలేదు. నన్ను పంపినా దుకాణానికి నష్టం లేదన్న మాటే కదా అది!

మర్నాడు పొద్దున బెంగుళూరప్ప నన్ను బస్సెక్కించడానికి వచ్చాడు. నా సప్లై పెట్టెను తనే బస్సు పైకి ఎక్కించి తాడుతో బిగించాడు. క్లీనరు ముడి లాగి చూసి, "ఎవురప్పా ఇది కట్టినోడు? ఇట్లాటోడు మాకొకడుంటే శానా బాగుండు" అన్నాడు. బెంగుళూరప్ప కింద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. నేనూ ఊపాను. కడప చేరేదాకా, పైన పెట్టె ఒక్కసారైనా కదులుతుందేమోనని ఆశగా చెవి ఒగ్గి కూర్చున్న అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అది కదల్లేదు.