శాంసన్ చెప్పుకోని బాధ

మేడ్చల్‌లోని పైపుల ఫ్యాక్టరీలో శాంసన్ పదకొండేళ్లుగా అకౌంటెంట్. పైసా తేడా వచ్చినా దొరికేదాకా కుర్చీలోంచి లేవడు. తన కష్టం మాత్రం ఎవరికీ చెప్పడు. టీ కొట్టు దగ్గర పక్క ఫ్యాక్టరీ అకౌంటెంట్ కుర్మయ్య "ఎట్లుందన్నా?" అంటే "నడుస్తాంది" అంటాడు. "నీకు?" అంటే కుర్మయ్య "గట్లనే" అంటాడు. ఇంకో మాట ఎక్కువైతే ఓనరు గుట్టు జారుతుందని ఇద్దరికీ భయం.

ఆ యేడు ఈస్టర్ సరిగ్గా మార్చి ముప్పై ఒకటిన పడింది. ఏడాది లెక్కలు ముగించే రోజు. ఆదివారమైనా ఆఫీసుకు రావాల్సిందే. ఆ పొద్దున శామీర్‌పేట చర్చిలో కూతురు ఏంజెల్ మొదటిసారి ఒక్కతే పాడుతోంది. "నాయినా, ముందు వరుసల కూసోవాలె" అని మాట తీసుకుంది.

సెలవడగడానికి నోరు రాలేదు. బుధవారం ప్రార్థన కూటంలో మాత్రం లేచాడు.

"నాకొక బాధున్నది. మార్చిల ఎక్కువైతది. కూసుంటె ఇంకెక్కువ. పేరు వెట్టి చెప్పలేను. ప్రార్థన చెయ్యుండ్రి."

వెనక కూర్చున్న ఎలీషమ్మ అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది. మర్నాడు ఓనరు మల్లేశం శాంసన్ గదిలోకొచ్చి తలుపేశాడు.

"ఎన్ని రోజులసంది?"

"ఏంది సార్?"

"కూసుంటె ఎక్కువైతదట గద. ఎలీషమ్మ జెప్పింది."

శాంసన్ ఫైలు సర్దుతూ, "పదకొండేండ్లసంది సార్" అన్నాడు.

"అరె, పైల్సని ముందే జెప్పొద్దా! మా బామ్మర్దికి గిట్లనే ఉండె, మస్తు పరేషాన్ అయిండు. రక్తం పడ్తాందా?"

శాంసన్ కాదనబోయాడు. కాదంటే మరేంటో చెప్పాలి.

"అంతదాక రాలే సార్."

"శనివారం వరకు లెక్కలు తేల్చు. ఆదివారం ఇంట్ల పండుకో."

శనివారం దీపాలు పెట్టే వేళకు లెక్కలన్నీ కలిశాయి. ఆదివారం రెండో చరణంలో ఏంజెల్ మాట తడబడి తండ్రి వైపు చూసింది. ముందు వరుసలో ఆయన పెదవులు కదిపాడు. పిల్ల అందుకుంది.

సోమవారం ఆఫీసుకెళ్తే కుర్చీలో నడుమ చిల్లున్న గుండ్రటి దిండు. మల్లేశమే కొనుక్కొచ్చాడట. ప్యాకింగ్ ఆడవాళ్లందరూ అయ్యో పాపం అన్నట్టు చూస్తుండగా శాంసన్ దాని మీద కూర్చున్నాడు. మెత్తగానే ఉంది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర కుర్మయ్య మామూలుగానే అడిగాడు.

"ఎట్లుందన్నా?"

"నడుస్తాంది."

కుర్మయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎలీషమ్మ జెప్పింది. గా దిండు ఏడ దొరుకుతదన్నా? మా సారుకు కనవడేటట్టు కుర్చీల పెట్టుకుంట."