సారం తీసేసిన నీళ్ళు

మా మేనత్తను పదిమందిలో నవ్వులపాలు చేసింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తే నయం. లేకపోతే చివరిదాకా నా తప్పును అటూ ఇటూ తిప్పి మంచివాణ్ణనిపించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

నేను టెక్కలి హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. అత్తది పూండి దగ్గర కొబ్బరితోటల ఊరు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. ఎందుకొస్తోందో తేల్చి చెప్పినవాళ్ళు లేరు గానీ, జనం అనుమానమంతా నూతి నీళ్ళ మీదే. అందుకని కొండల దగ్గరి రిజర్వాయరు నుంచి గొట్టాలేసి ఊరికి కుళాయిలు తెచ్చారు. తీరా నీళ్ళొచ్చాక అత్త వీధిలో ఆడవాళ్ళు వాటితో గిన్నెలు తోముకుని, తాగడానికి మాత్రం మళ్ళీ నూతికే పోతున్నారు. ఎందుకని అడిగితే ఎవరూ నోరు విప్పరు. వచ్చి నాలుగు మాటలు చెప్పమని ఊరి పెద్దలు నన్ను పిలిచారు. మేనల్లుడు మేష్టరు వస్తున్నాడని అత్త వీధంతా చాటింది.

మాట్లాడటం బాగానే మొదలుపెట్టాను. ఆ రిజర్వాయరు కింద చిన్న పవర్‌హౌసు ఉంది, అది దాటాకే నీళ్ళు ఊరి గొట్టాల్లోకి వస్తాయి. దాని సంగతీ ఎత్తుకున్నాను. బొగ్గు కరెంటు మాకొద్దని ఒకప్పుడు రోడ్డెక్కిన జనం వీళ్ళు. నీటి కరెంటుకు పొగ లేదు, బూడిద లేదు, నీళ్ళు పైనుంచి పడి చక్రం తిప్పి వెళ్ళిపోతాయి, ఒక్క చుక్క ఖర్చవదు అన్నాను. తుపానుకు స్తంభాలు పడిపోయి మోటార్లు ఆగిపోయిన రోజులు గుర్తు చేసి, కరెంటు విలువ మీకు నేను చెప్పాలా అన్నాను. అందరూ తలలూపారు. నాకు ఊపొచ్చింది.

అప్పుడు అత్త లేచింది. ఇంట్లో ఒరే అని పిలిచే మనిషి, నలుగురిలో నా పరువు నిలబెట్టాలని కాబోలు, కొంగు నిండుగా కప్పుకుని అడిగింది.

"మేష్టరుబాబూ, ఆ నీల్లలోంచి కరెంటు తీసీసినాక, సారం పోయిన నీల్లే కదేటి మాకొచ్చేవి? అవి తాగితే ఒంటికేటి బలం?"

అదీ వాళ్ళ భయం. వీధి వీధంతా లోపల దాచుకున్న మాటను ఆవిడ ఒక్కతే బయటపెట్టింది. నేను ఓపిగ్గా చెప్పాలా వద్దా? పగలబడి నవ్వాను. "నీళ్ళేమైనా మజ్జిగా అత్తా, వెన్న తీసేయడానికి?" అన్నాను. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు నాకెంత బావుందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. అత్త కూడా నవ్వినట్టు మొహం పెట్టి కూర్చుండిపోయింది. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

ఆ రోజునుంచి ఊళ్ళో ఆవిడ పేరు మజ్జిగత్త. ఆవిడకూ రోషం ఉంటుంది కదా, ఆపైన కుళాయి వైపు కన్నెత్తి చూడలేదు. ఆవిణ్ణి చూసి పక్క మూడిళ్ళవాళ్ళూ నూతి నీళ్ళే తాగారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, మొండిమనిషి, మనమేం చేస్తాంలే అని ఊరుకున్నాను.

రెండేళ్ళు తిరక్కుండా ఆవిడ కాళ్ళు వాచాయి. ఇప్పుడు వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. ఆ నూతి నీళ్ళవల్లే వచ్చిందని నేననలేను. కుళాయి నీళ్ళు తాగినవాళ్ళలోనూ ఉంది. ఈ మాట చెప్పుకుని మనసు సర్దుకుందామని చాలాసార్లు చూశాను, కుదరలేదు.

మొన్నీమధ్య క్లాసులో జలవిద్యుత్తు లాభనష్టాలు చెబుతున్నాను. నష్టాల కింద బోర్డు మీద ముంపు ఊళ్ళు రాశాను, ఏటికి ఎదురెక్కలేకపోయే చేపలు రాశాను. మూడోది రాస్తూ ఆగిపోయాను. ఆనకట్ట వెనక ఒండ్రు నిలిచిపోతుంది, కింది పొలాలకు అందదు. నాన్నవాళ్ళది ఏటి ఒడ్డు ఊరు. వరద తీశాక పొలంలో మిగిలే ఆ మట్టిని మా తాత ఒండ్రు అనేవాడు కాదు, సారం అనేవాడు. ఈ యేడు సారం బాగా పడిందని మురిసిపోయేవాడు. ఎగువన ఆనకట్ట వచ్చాక ఆ సారం రావడం మానేసింది. దాని బదులు నాన్న యూరియా బస్తాలు మోయడం నేను కళ్ళారా చూసినవాణ్ణే. అత్త పుట్టింది ఆ ఇంట్లోనే. నేను ఏటా రెండు మార్కుల ప్రశ్నకు చెప్పే జవాబు ఆవిడకు చిన్నప్పుడే తెలుసు. ఛీ, ఏం చదువు నాది!

ఆ శనివారమే పలాస వెళ్ళి ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. నువ్వన్నది నిజమే, పొలానికి కావలసిన సారాన్ని ఆనకట్ట ఆపేస్తుంది, కానీ మనిషికి కావలసిందేదీ ఆ చక్రం లాక్కోదు, మట్టి ఆగిపోతే తాగే నీళ్ళకు మంచిదే అని చెప్పాను. గొట్టాలున్న చెయ్యి కదపకుండా అంతా వింది.

"ఈ ముక్క ఆ రోజే సెప్పుంటే తాగుదును కదరా" అంది. గొంతులో కోపం లేదు. మళ్ళీ తనే అంది. "నా పనైపోనాది. మా వీదోలకి సెప్పు. నేనడిగింది ఎర్రిమాట కాదని కూడా సెప్పు."

ఆదివారం ఆ ఊరు వెళ్ళాను. ఆ రోజు నవ్వినవాళ్ళలో నలుగురు టీకొట్టు దగ్గరే ఉన్నారు. మజ్జిగత్తకు ఎలా ఉందని ఒకడు నవ్వుతూ అడిగాడు. తప్పు నాదని చెప్పడానికే నోరు తెరిచాను. తెరిస్తే నాకూ నవ్వే వచ్చింది. వాళ్ళతో కలిసి టీ తాగి, అత్త వీధిలో అడుగు పెట్టకుండానే టెక్కలి బండెక్కాను.

మంగళవారం మళ్ళీ పలాస వెళితే, నన్ను చూడగానే అత్త అడిగింది.

"సెప్పినావేటి?"

"సెప్పేనత్తా."

"ఏటన్నారు?"

"రేపట్నుంచి కుళాయి నీళ్ళే తాగుతామన్నారు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. "పోన్లేరా, ఆ మూడిల్లోలయినా బతుకుతారు" అంది.