లెక్క సరిపోయిన పడవలు

మా మేనమామ పోయిన శనివారం పొద్దున కన్నుమూశారు. పుట్టింటి నుంచి వచ్చిన మనిషి రామన్నపేటలో మా వాకిట్లో నిలబడే చెప్పాడు, "కప్తాన్ సాబ్ పోయిండమ్మా" అని. చేతిలోని చేట కింద పెట్టి బండి కట్టమన్నాను.

వాగు పొంగితేనే పెద్ద నీళ్లనుకునే మా సీమ నుంచి బొంబాయి వెళ్లి, సరుకు ఓడకు కప్తానైన మనిషి ఆయన. "ఓడ నడిపేది నువ్వేనా మామా?" అని చిన్నప్పుడు అడిగితే నవ్వేవారు. "చుక్కాని పట్టెటోళ్లు వేరే ఉంటరు బిడ్డా. అందరు దిగినంక ఆఖర్ల దిగెటోడే కప్తాన్." సెలవుకు వస్తే మిద్దెక్కి గాలి చూసి, వాన వస్తుందని ఆరబోసిన మిరపకాయలు ఎత్తించేవారు. సగంసార్లు వాన వచ్చేది కాదు. "గీడ సముద్రమున్నదారా తమ్మీ!" అని మా అమ్మ తిట్టిపోసేది.

దేశాల మధ్య లడాయి రోజుల్లో ఆ ఓడ మునిగింది. మా ఊరి గొర్లకాపరి అవ్వ ఒక్కగానొక్క కొడుకు యాదయ్య మామ వెంట పోయి, ఆ ఓడలోనే బొగ్గు వేసేవాడు. అతను రాలేదు, మామ వచ్చారు. సంచి దించకుండానే అవ్వ గుడిసెకు నడిచారు. నేనూ వెంట పోయాను.

"పడవలల్ల తలకాయలు లెక్కవెట్టిన అవ్వా. సరిపోయింది. అందరు దిగిండ్రనుకొని నేను దిగిన. ముందటి దినం నీళ్లల్లకెల్లి తీసిన పరాయి మనిషి గా లెక్కల కలిసిండని సోయి రాలె. నీ కొడుకు ఓడల కింద బొగ్గుకాడనే ఉండిపోయిండు."

అవ్వ ఏడవలేదు. "మేము మందను లెక్కవెట్టం. మొకాలు సూస్తం" అంది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు.

మామ మళ్లీ ఓడ ఎక్కలేదు. వారానికోసారి పోయి అవ్వ దొడ్డికి తడిక కట్టి, నీళ్లు మోసి వచ్చేవారు. ఆమె వద్దనలేదు, కూర్చోమనీ అనలేదు. "మాఫ్ జెయ్యమని అడుగరాదా మామా" అన్నానొకసారి. "అడిగితె యాదయ్య వస్తడా బిడ్డా" అన్నారు. అడగకపోయినా, ఆమె నోటి నుంచి ఒక్క మాట కోసమే ఆయన బతికారు. నాకు అవ్వ మీద కోపముండేది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది.

నేను బండి కట్టించుకుని పోయేసరికి పాడె సిద్ధమైంది. అప్పుడే అవ్వ వచ్చింది. మామ తల దగ్గర కూర్చుని, ముఖం మీది బట్ట తీసి, కొంగుతో నుదురు తుడిచింది.

"జర ఆగుండ్రి" అంది మోసేవాళ్లతో. "యాదయ్యను ఆఖర్ల సూడకపోతి. గీ కొడుకునన్న సూసుకుంట."

ఎండ ఎక్కుతోంది. ఎవరూ తొందరపెట్టలేదు. అవ్వ చూస్తూనే ఉంది.