దౌరా దాకా తెంపొద్దు

హెలికాప్టర్ మమ్మల్ని బురదలో దింపి మళ్లీ గాలిలోకి లేచిపోయింది. ఆఫ్రికాలో, నైలు నది పాయ పక్కన. మధ్యాహ్నం రెండున్నర. ఆ ఏడాది మొదటి వాన ఆ పొద్దునే పడిందట. నెత్తిన శాంతిదళం నీలం హెల్మెట్, ఒంటిమీద బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, భుజాన రైఫిల్, వీపున కిట్‌బ్యాగ్. రెండో అడుగుకే కుడి బూటు బురదలో ఉండిపోయింది, కాలు మాత్రం బయటికొచ్చింది. అచ్చం మన నల్లరేగడి.

వెనక నుంచి మా కంపెనీ కుక్ అన్నాడు: “ఏందన్నా, వచ్చుడుతోనే చెప్పులిడుస్తున్నవ్? గుడి ఏడుంది?”

వాడిది మౌలాలి, నాది మెట్టుగూడ. అంత దూరం పోయినా పక్క బస్తీ నోరు తప్పలేదు.

మాది ఇంజనీర్ల కంపెనీ. నేను నీళ్ల టాంకర్ డ్రైవర్ని. పదో తరగతితోనే బడికి సలాం కొట్టినవాడికి ఫౌజు ఇచ్చిన స్టీరింగ్ అది. మెట్టుగూడలో ఇప్పటికీ అడుగుతారు, “ఆడ ఎంతమందిని కాల్చినవ్?” అని. బెండ మొక్కలకు నీళ్లు పోశానంటే నవ్వుతారు. నేనేం చెప్పినా జోకే అనుకోవడం వాళ్లకు అలవాటు.

మా కంచె అవతల శిబిరం. కొట్లాటల్లో ఊళ్లు కాలి, నది దాటి పారిపోయి వచ్చినవాళ్లు ప్లాస్టిక్ పట్టాల కింద ఉంటున్నారు. నెలకోసారి ఒక సహాయ సంస్థ జొన్నలిచ్చేది. ఎల్లకాలం ఇవ్వలేం, ఎవరి తిండి వాళ్లు పండించుకోవాలని అదే సంస్థ విత్తనాలూ ఇచ్చింది. మా కంపెనీ కుంట తవ్వింది, మడులు కట్టింది. ముందు మడుల్లో బెండ, వెనక చేలో జొన్న. జొన్న విత్తనం ఆలస్యంగా వచ్చింది. అది చేతికొచ్చేదాకా రేషన్ ఆపబోమని మాట. ఆలోచన మంచిదే. ఇప్పటికీ అదే అంటాను.

తోటలో ఆడవాళ్లకు పెద్ద అచోల్. ఇద్దరు పిల్లల తల్లి. భర్త నది అవతలే చనిపోయాడు. బెండను వాళ్లు బామియా అంటారు. మాకూ ఆమెకూ మధ్య సగం అరబ్బీ, సగం సైగలు. మన సికింద్రాబాద్ మాటలు కొన్ని అక్కడా చెల్లాయి. ఖలాస్ అంటే అక్కడా ఖలాసే.

పొద్దున ఆరింటికి నేను టాంకర్ తెచ్చేసరికి ఆమె మడిలో ఉండేది. అనుమానం ఉన్న కాయకు బొటనవేలితో కొన విరిచి చూసేది. టక్‌మంటే గంపలోకి. మా అమ్మ మోండా మార్కెట్‌లో అట్లాగే బండి నిండా విరిచి, కొనకుండా వచ్చేసి తిట్లు తినేదని సైగలతో చెప్పాను.

“మీ అమ్మను ఇక్కడికి తేకు,” అంది, నవ్వు ఆపుకోలేక.

ఆ కాయలు సంతకు పోయేవి. ఉప్పు, సబ్బు, చిన్నపిల్లకు మందు వచ్చేవి.

అట్లా కాపు సాగుతుండగా ఒకరోజు రేడియో మోగింది. “పై నుంచి దౌరా. ఎల్లుండి తోట చూస్తారు. ఓవర్.”

పెద్దలు తనిఖీకి వస్తే ఫౌజులో దానిని దౌరా అంటారు. ఆ మాట వినపడితే ఫౌజీ చేతికి సున్నం బకెట్ దానంతటదే వస్తుంది. రాళ్లకు సున్నం, చెట్ల మొదళ్లకు జాజు. కుంట గట్టు మీద పడుకున్న మేక సమయానికి లేచింది గానీ, లేకపోతే దానికీ పడేది.

మా సుబేదార్ సాబ్‌ది ఒంగోలు వైపు. చెడ్డవాడు కాదు. దౌరాలో మాటపడకూడదు, అంతే ఆయన లోకం. తోట చుట్టూ తిరిగి ఆర్డర్ ఇచ్చాడు.

“మడులు నిండుగా కనపడాలి. దౌరా అయ్యేదాకా ఒక్క కాయ తెంపనివ్వద్దు.”

“సాబ్, బెండకాయ ఆగది,” అన్నాడు కుక్. “ఇడిసిపెడితే కట్టెలైతయి. పొయ్యిల వెట్టనీకే పనికొస్తయి.”

“ఫొటోలో ముదురో లేతో ఎవడికి తెలుస్తుందిరా? నీకు వంట తప్ప అన్నీ తెలుసు.”

అందరం నవ్వాం. అచోల్ నవ్వలేదు.

“ఎవరొస్తున్నారు?” అని నన్ను అడిగింది.

“జొన్నలిచ్చేవాళ్లు.”

ఆమె వెనక చేను వైపు చూసింది. “వాళ్లే అయితే ఆగుతాం. వెనక జొన్న ఇంకా మోకాలి దాకానే ఉంది. వాళ్లకు అదీ చూపించండి.”

మర్నాడు వాన. మట్టి రన్‌వే చెరువైంది. దౌరా వాయిదా. మళ్లీ వాన, మళ్లీ వాయిదా. ఆర్డర్ మాత్రం వాయిదా పడలేదు. కాయలు మేకకొమ్ములంత అయ్యాయి. దూరం నుంచి చూస్తే తోట పెళ్లిపందిరిలా ఉంది.

వారం దాటాక వచ్చారు. పదకొండు నలభైకి దిగారు, పన్నెండుంబావుకు ఎక్కారు. సహాయ సంస్థ పెద్దాయన బూట్లకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కున్నాడు. బురదకు జంకి ముందు మడుల దగ్గరే ఆగిపోయాడు. అచోల్ చేయి చాచి వెనక చేను వైపు చూపించింది. ఆయన ఆ చేతిని పట్టుకుని ఊపాడు.

“వీళ్లు ఇక తమ కాళ్ల మీద తాము నిలబడ్డట్టే,” అన్నాడు. చప్పట్లు. ఫొటో.

తర్వాతి నెల జొన్నల లారీ రాలేదు. తోట పండిన శిబిరానికి రేషన్ అక్కర్లేదని తేల్చారట. సుబేదార్ సాబ్ తానే మైక్ పట్టుకున్నాడు.

“కాయలన్నీ ముదిరిపోయినవి, మొక్కలు కొత్త కాపు ఆపేసినవి. తినడానికి పనికిరావు. జొన్న ఇంకా కంకి వేయలేదు. రేషన్ ఆపొద్దని చెప్పండి. ఓవర్.”

గరగర. తర్వాత జవాబు.

“నిండు తోట ఫొటో పంపింది మీరే కదా. ఓవర్.”

ఆయన మైక్ కింద పెట్టేశాడు. అవతల గొంతు రెండుసార్లు పిలిచి ఊరుకుంది.

కుక్ మా బియ్యంతో గంజి కాచి కంచె దగ్గర పోసేవాడు. శిబిరం పెద్దది, గిన్నె చిన్నది. వాడి జోకులు ఆగిపోయాయి. నావీ.

ఒక పొద్దున అచోల్ టాంకర్ దగ్గరికి వచ్చింది. గంప నిండా బెండకాయలు. ఒకటి తీసి నా కళ్ల ముందు కొన నొక్కింది. వంగింది, విరగలేదు. పారేసి ఇంకోటి తీసింది. అదీ అంతే.

“ఖలాస్,” అంది. “నది అవతల మా గాదె ఉంది. కాలకుండా మిగిలితే కాసిని గింజలుంటాయి.”

“అక్కడ తుపాకులున్నాయి.”

“ఇక్కడ ఏమున్నాయి?”

గంప నా దగ్గరే వదిలేసింది. ఇద్దరు పిల్లల్నీ తీసుకుని రేవు వైపు నడిచింది. నది దాటే ఆర్డర్ మాకు లేదు. వానలు తగ్గాక జొన్న బాగానే కంకి వేసింది. కోయడానికి సగం మంది లేరు. మేం బయల్దేరేదాకా ఆమె తిరిగి రాలేదు. తోటకు గాను మా కంపెనీకి మెచ్చుకోలు వచ్చింది.

ఇప్పుడు బేగంపేటలో ఒక ఆఫీసు గేటు దగ్గర గార్డు పని. ఆదివారం మా ఆవిడతో మోండా మార్కెట్‌కు పోతాను. ఆమె మా అమ్మకు తగిన కోడలు.

“అక్కా, కొనెటట్లుంటెనే విరువు,” అంటాడు కూరగాయలాయన.

“విరిగితెనే కొంట,” అంటుంది ఈమె.

ఆమె వేలి కింద టక్, టక్‌మని వినిపిస్తూనే ఉంటుంది. నాకు కనపడేది వేరే చేయి. బురద అంటిన బొటనవేలు నొక్కుతూనే ఉంటుంది. కొన వంగుతుంది. విరగదు.