స్నోబోర్డు పార్కులో నా వంతు

కెనడాలోని ఎడ్మంటన్‌లో చదువుకు చేరిన తొలి చలికాలం, పలక మీద నిలబడి మంచుపై జారే స్నోబోర్డు నేర్చుకోవడానికి ఒంటరిగా వెళ్లాను. అక్కడి పార్కులో మంచు దిబ్బ మీదుగా దూకాలంటే చెయ్యెత్తి, ఇది నా వంతని చెప్పుకోవాలి. కళాశాల వాదోపవాదాల్లో ఎన్నడూ వెనుకాడని నేను, రెండు గంటలపాటు వెనుకవారికి దారి ఇస్తూనే నిలబడ్డాను.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్న తెలుగావిడ ఆ పార్కు క్యాంటీన్‌లో పనిచేస్తారట.

"కిటికీలోంచి చూశాను బాబూ. అందర్నీ పంపించావు, నువ్వెళ్లలేదేం?"

"మర్యాద కదా ఆంటీ."

"మర్యాదా, భయమా?"

నేను వంగి బూట్ల మీది మంచు దులుపుకున్నాను.

"పడితే నవ్వేవాళ్లయినా ఎవరున్నారు నీకిక్కడ? ఈసారి వెళ్లి పడు," అని ఆమె తన స్టాపులో దిగిపోయారు.

మరుసటి శనివారం చెయ్యెత్తాను. దూకాను, పడ్డాను. లేస్తూనే క్యాంటీన్ కిటికీ వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.