లూకా కంటికి నిటారు

సమాధుల తోటలో సిలువలు నిలబెట్టే లూకాకు డెబ్బై మూడేళ్లు. నలభై ఏళ్లలో ఒక్కనాడూ నిటారు కోసం దారానికి గుండు కట్టి చూసింది లేదు. ఒక కన్ను మూసి, అడుగు వెనక్కి వేసి, "ఐపోయింది" అన్నాడంటే ఐపోయినట్టే. పాస్టరుగారైనా ఆ మాటకు ఎదురు చెప్పింది లేదు. కాస్త పొగరు కూడా ఉండేది. ఉండదా మరి!

అలాంటివాడికి ఈవేళ కాలు ఒకచోట నిలవడం లేదు. భార్య కాంతమణి పోయి రేపటికి ఏడాది. పొద్దున పదింటికి జ్ఞాపకార్థ కూడిక. ఆలోగా ఆమె సిలువ నిలబడాలి. గుంటలో నిలబెడతాడు, దూరం వెళ్లి చూస్తాడు, వచ్చి మళ్లీ కదుపుతాడు. తెల్లారినప్పటి నుంచి ఇదే వరస.

"ఇగ సరిగ్గుంది" అన్నాడు చివరికి.

పద్మారావు నగర్ నుంచి టిఫిన్ తెచ్చిన కూతురు అక్సా అక్కడే ఆగిపోయింది. "డాడీ, ఎడమకు ఒరిగింది."

"నాకే చెప్తున్నవా?"

"నిజంగనే. జెర మంచిగ చూడు."

లూకాకు ఒళ్లు మండింది. పక్కనే, ముప్పై ఏళ్ల కింద తాను నిలబెట్టిన సిలువను చూపించాడు. "ఒరిగింది అది! కుడికి. వానలకు నేల కుంగుతది. గిట్ల ఒరిగినయి ఈ ఏడాదిల ఆరు చూసిన. ఎవ్వరు అడగకున్నా నేనే సరిచేసిన."

అక్సా గుంట కొలిచేందుకు పెట్టుకున్న దారం తీసుకుని, చివర స్కూటీ తాళాలు కట్టి, ఆ పాత సిలువ అంచున వేలాడదీసింది. తాళాలు ఊగి ఊగి ఆగాయి. దారం అంచును ఆనుకుని నేరుగా దిగింది. వెంట్రుకవాసి తేడా లేదు.

తర్వాత తల్లి సిలువ పక్కన పట్టింది. కింద మూడు వేళ్ల ఎడం.

లూకా గట్టు మీద కూలబడ్డాడు. తన చేత్తో "సరిచేసిన" ఆరు సిలువలూ వరసగా కళ్ల ముందు నిలిచాయి. సిగ్గు కన్నా ముందు భయం వేసింది.

"వయసుకు నిటారు సుత మారుతదా, బిడ్డా?"

"నడుము వొంగినట్టే చూపు సుత వొంగుతది గావచ్చు, డాడీ."

మళ్లీ లేచాడు. అక్సా దారం పట్టింది, ఆమె చెప్పినట్టల్లా అతను జరిపాడు. దారానికి కుదిరాక, అలవాటు కొద్దీ అడుగు వెనక్కి వేసి, ఒక కన్ను మూశాడు. కాంతమణి సిలువ కుడివైపుకు పడిపోయేలా ఉంది. సరిచేయమని చేతులు పీకుతున్నాయి. వాటిని వెనక్కి కట్టుకున్నాడు.

"నాకైతే ఒరిగే కనిపిస్తున్నది" అన్నాడు. "సిమెంటు నువ్వే పొయ్యి, బిడ్డా. ఆ దారం మాత్రం పారెయ్యకు. ఇంకా ఆరున్నయి."